సీమంతం గాజులు బిగిసిన నెల

ఆ పీట ఇటు జరుపుకుని నా మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చోండి. ఇది అరుగు మీద కూర్చుని గట్టిగా చెప్పుకునే సంగతి కాదు. అలాగని దాచుకునేదీ కాదు, దాచబట్టే అంత పని జరిగింది. మీ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఎవరైనా ఉంటే పిలవండి. ఆమెకు ఓపిక లేకపోతే వాళ్ళ అమ్మనైనా పంపండి. నా కోపమంతా అమ్మల మీదే. పెద్దమ్మల మీద కూడా, అంటే నా మీద.

నేను చదివింది ఐదో తరగతి. పెళ్ళయ్యాక పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో చేరాను. వరసగా కూర్చుని పప్పు మీద పొట్టు తీయడం మా పని. చేతులు పప్పు మీద ఉండేవి, నోళ్ళు లోకం మీద ఉండేవి. అక్కడ తేలని తగవు లేదు. కాని ఒంటి సంగతి వచ్చేసరికి మా అందరికీ ఒకటే జవాబు: జీడి వేడి.

ఒకామెకు నెలలో పది రోజులైనా ముట్టు ఆగదు, గుడ్డ మీద గుడ్డ మారుస్తుంది, పెదాలు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. జీడి వేడి అన్నాం. ఇంకొకామెకు తెల్లబట్ట, దురద, పీట మీద కుదురుగా కూర్చోలేదు. అదీ వేడే. ఒక పిల్లకు మూడు నెలలకోసారి బయట చేరడం, గడ్డం కింద నూగు వెంట్రుకలు. అదీ వేడే. మజ్జిగ తాగు, మెంతులు నానబెట్టుకుని తిను, పొద్దున్నే తలకు పోసుకో. మా వైద్యం అక్కడితో సరి. మొదటామెకు గర్భసంచిలో గడ్డలున్నాయని తెలిసే నాటికి ఆమె రెండు మెట్లు ఎక్కితే మూడో మెట్టు మీద కూలబడే స్థితికి వచ్చింది. జీడిగింజ ముట్టని ఊళ్ళలో ఆడవాళ్ళకు ఇవన్నీ ఎందుకొస్తున్నాయని మాలో ఒక్కరం అడిగిన పాపాన పోలేదు.

సరే, అదంతా పలాస తెలివి. ఉద్దానం తెలివి ఇంకొక రకం. అది మా చెల్లి దగ్గర చూశాను.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళు అయి ఉంటుంది. మా చెల్లిది కొబ్బరి తోటల మధ్య ఊరు, పూండి స్టేషనుకు ఆటోలో పావుగంట. ఆమె భర్త, అంటే మా మరిది, కొబ్బరి చెట్లు ఎక్కే మనిషి. ముందు కాళ్ళు పొంగాయి, తరువాత మొహం పొంగింది, తరువాత అన్నం వాసన పడేది కాదు. కిడ్నీలు పోయాయన్నారు. రెండేళ్ళలో మనిషే పోయాడు. ఆ చుట్టుపక్కల అలా పోయినవాళ్ళు అతనొక్కడే కాదు. దాంతో ఉద్దానం పిల్ల అనేసరికి పెళ్ళివారు మొదట అడిగే మాట, మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీ ఉందా అని. లేనివాళ్ళెవరో నాకు తెలియదు గాని, అడగడం మాత్రం అలాగే అడుగుతారు. మా చెల్లి తన కూతురికి సంబంధం వచ్చినప్పుడు, మీ ఆయన ఎలా పోయాడని వాళ్ళు అడిగితే, కామెర్లు అని చెప్పింది. నేను పక్కనే కూర్చుని తలూపాను.

పిల్లను నౌపడ ఉప్పు మడుల దగ్గర ఇంట్లో ఇచ్చాం. అల్లుడు ఉప్పు లారీ నడుపుతాడు. అతని తల్లి చిన్నప్పటి నుంచి మడుల్లో ఉప్పు లాగిన మనిషి, అరచేతులు బీటలు వారి ఉండేవి. ఏడో నెలలో సీమంతం చేసి రెండు చేతులకూ మోచేతి దాకా గాజులు వేసి మా వాళ్ళ ఇంటికి పంపారు. ఆ గాజులు పురుడయ్యే దాకా తీయకూడదు. పురుడయ్యాక తీసి, పురుడు పోసిన మనిషికి ఇచ్చేయాలి. మా వైపు అది పద్ధతి. తొలి కాన్పు కదా అని నేను కూడా పని మానుకుని చెల్లి ఇంటికి వెళ్ళాను.

పిల్ల ఇంట్లో తిరుగుతుంటే ఎక్కడుందో చప్పుడును బట్టి తెలిసేది. నూతి దగ్గర గలగల, వంటింట్లో గలగల. ఎనిమిదో నెలలో ఒక పొద్దున్న నేను బియ్యం ఏరుతుంటే నా వెనకే వచ్చి నిలబడింది. వచ్చినట్టే తెలియలేదు.

"పెద్దమ్మా, గాజులు సప్పుడు సెయ్యడం నేదు సూడు," అంది.

చెయ్యి పట్టుకుని చూశాను. గాజులు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. ఒక్కటి కూడా కదలదు. మొహం చూస్తే కళ్ళ కింద బూరెల్లా ఉబ్బింది. నేను నోరు తెరిచే లోపే మా చెల్లి వంటింట్లోంచి వచ్చి నన్ను పెరట్లోకి లాక్కెళ్ళింది.

"నువ్వొల్లకో అప్పా. కడుపుతో ఉన్నోల్లకి కాల్లు పొంగవేటి? నీకు పొంగినేదా?"

"నాకు కాల్లే పొంగినాయి. మొకం పొంగినేదే. సేతులు పొంగినేదు."

అప్పుడు గొంతు తగ్గించింది. "ఆల నాన్నకీ ఇలాగే మొదలైనాది. ముందల కాల్లు, తరవాత మొకం."

"మరయితే ఆస్పత్రికి తీసుకెల్లాల గదే."

"తీసుకెల్తే ఏటవుద్ది? సీసాలో ఉచ్చ పట్టమంటారు. కార్డు మీద కిడ్నీ అని రాసీత్తారు. ఆ కార్డు ఆల అత్త సూత్తాది. కామెర్లని మనం సెప్పింది మొత్తం బయటపడిపోద్ది. గుంటని బిడ్డతో సహా ఇక్కడే ఒగ్గీత్తారు."

ఆ అత్తగారికి అక్షరం ముక్క రాదు. పెళ్ళిలో వేలిముద్ర వేయడం మేమిద్దరం చూశాం. అయినా ఆమె కార్డు చదివేస్తుందని భయపడ్డ తెలివి మాది.

ఇక ఆ రోజు నుంచి మా వైద్యం మొదలు. పిల్లకు ఉప్పు మాన్పించాం. చప్పిడి కూర, చప్పిడి చారు పెట్టాం. పొద్దునా సాయంత్రం పల్లేరు కాయల కషాయం తాగించాం, నీరు లాగేస్తుందని. మధ్యలో బార్లీ నీళ్ళు. ఇవన్నీ కాచిన చేతులు నావే, ఇంకొకరి మీద పెట్టలేను. పిల్ల మొహం చిట్లించుకుని తాగేది. ఒకరోజు "పెద్దమ్మా, కూరలో కాసింత ఉప్పెయ్యవా, మా అత్తోరింట్లో ఉప్పుకేటి కరువు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నెలనెలా వచ్చే నర్సమ్మ ఆ వారమే వచ్చింది. గుమ్మంలోనే చెప్పులు విడిచి "పిల్లేదమ్మా, బీపీ సూడాల" అంది. మా చెల్లి కన్నార్పకుండా చెప్పింది:

"పలాస ఎల్లింది. ఆల పెద్దమ్మ ఇంటికి."

ఆ పలాస పెద్దమ్మ అక్కడే కత్తిపీట ముందు కూర్చుని మునగాకు దూస్తోంది. నర్సమ్మ నా వైపు చూసి "ఈవిడెవరు" అంది.

"మా ఆడపడుసు," అంది చెల్లి.

"ఎనిమిదో నెల్లో ఊర్లు తిప్పుతారేటమ్మా. వత్తే సబ్ సెంటర్‌కి తోలండి, మర్సిపోకండి," అని నర్సమ్మ పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. పిల్ల లోపలి గదిలో తలుపు వెనక నిలబడి అంతా వింటోంది. గాజులు చప్పుడు చేసి ఉంటే దొరికిపోయేవాళ్ళం. నేను అక్కడే లేచి "అమ్మా, ఆగు" అంటే ఈ కథ అక్కడితో అయిపోయేది. అనలేదు. ఫ్యాక్టరీలో పదిమందికి సరిపోయే నా నోరు ఆ పూట మునగాకు దూసుకుంటూ కూర్చుంది.

తరువాత పిల్లకు తలనొప్పి మొదలైంది. నిద్ర లేక అంది మా చెల్లి, శొంఠి అరగదీసి పట్టు వేసింది. తరువాత డొక్క కింద నొప్పి అంది. గ్యాసు అని వాము నమిలించింది. ప్రతిదానికీ ఆమె దగ్గర ఒక పేరు సిద్ధంగా ఉండేది. నాకు ఒళ్ళు మండేది, "ఇవాళ తీసుకెల్దుమే" అనేదాన్ని, "రేపు సూద్దుమప్పా" అనేది. ఆ రేపు రెండు రేపులై, మూడై, చివరికి అత్తగారే దిగింది.

చెప్పాపెట్టకుండా వచ్చింది. నౌపడలో ప్యాసింజరు ఎక్కి, పూండిలో దిగి, ఆటోలో వచ్చింది. కోడలికని చేసిన సున్నుండలు ఒక చేతిలో, చంకలో ఉప్పు మూట. ఎవరింటికి వెళ్ళినా ఆమె ఉప్పు పట్టుకునే వెళ్తుంది. కోడలికి ఉప్పు మాన్పించి పన్నెండు రోజులైన ఇంటికి మూటెడు ఉప్పు వచ్చింది.

మా చెల్లి ఆమెకు నీళ్ళిచ్చే నెపంతో గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది. అప్పటికే పిల్లను పడుకోబెట్టి గొంతు దాకా దుప్పటి కప్పేసింది.

"కోడలేదీ వదినా?"

"జొరం వదినా. తొంగుంది. ఇప్పుడే కన్ను మూసింది, నేపకండి."

"జొరమా? మరి సెప్పి పంపనేదేటి?" అని ఆమె ఉప్పు మూట మా చెల్లి చేతుల్లో పెట్టేసింది. రెండు చేతులా మూట పట్టుకున్న మనిషి ఎవరిని ఆపుతుంది. ఆమె పక్కనుంచి లోపలికి వెళ్ళిపోయింది.

కోడలి నుదుటి మీద చెయ్యి వేసింది. "సల్లగుందేటి," అంది. దుప్పటి కొంచెం లాగింది. మొహం చూసింది. చెయ్యి బయటకు తీసి, గాజుల మీద వేలు పెట్టి తిప్పబోయింది. తిరగలేదు. పిల్ల కళ్ళు తెరిచి ఆమెను చూసి నవ్వబోయింది.

"అత్తా, నీ ఎనకాల ఏటి అన్ని మిణుగురులు ఎగురుతున్నాయి?"

పొద్దున పది గంటలు. కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది.

అత్తగారు వెనక్కి తిరిగి చూడలేదు. మంచం మీద కూర్చుంది. "తలనొప్పి ఉందేటమ్మా?" అని అడిగింది.

"ఉందత్తా."

"ఇక్కడ? డొక్క కింద?"

"మూడు రోజులైనాది. అమ్మ గేసంటంది."

ఆమె లేచి నా వైపు చూసింది. "ఆటో ఎల్లిపోనేదు గదా, ఆపు వదినా. బేగి."

మా చెల్లి ఉప్పు మూట ఇంకా కింద పెట్టలేదు. "అన్నం తినీసి ఎల్దుం వదినా. నువ్వు ఇప్పుడే వచ్చినావు. వంటవుతాంది."

"మా సెల్లి కూడా అన్నం తినీసి ఎల్దుమనే తొంగుంది," అంది ఆమె. గొంతు పెంచలేదు. "మరి లెగనేదు."

ఆటోలో పిల్ల తల ఒడిలో పెట్టుకుని ఆ సంగతి చెప్పింది. ఆమె చెల్లెలికీ ఇలాగే తొలి కాన్పు, ఇలాగే మొహం ఉబ్బడం, కళ్ళ ముందు మిణుగురులు. తరువాత కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. గాలి సోకిందని వేపమండలతో కొట్టించారట. "దాన్ని గుర్రపు వాతం అంటారని సచ్చిపోనాక సెప్పినారు," అంది. నేను ఫ్యాక్టరీలో అన్నేళ్ళు కూర్చున్నాను, ఆ మాట వినలేదు. కడుపుతో ఉన్నవాళ్ళ చెవిన పడకూడదని ఆ మాట ఎవరూ పైకి అనరట.

పలాస ఆసుపత్రి వరండాలోకి నడిపిస్తుండగానే వచ్చింది అది. పిల్ల కళ్ళు పైకి తేలిపోయాయి, పళ్ళు బిగిసిపోయాయి, ఒళ్ళంతా కర్రలా అయి కొట్టుకోవడం మొదలైంది. నేను గోడకు అతుక్కుపోయాను. అత్తగారు నేల మీద కూర్చుని పిల్లను పక్కకు తిప్పి, తల కింద తన చెయ్యి పెట్టి "సిస్టరమ్మా" అని ఒకే ఒక్క కేక వేసింది. ఇద్దరు పరిగెత్తుకొచ్చారు. మంచం మీదకు ఎత్తారు, ముక్కుకు గొట్టం పెట్టారు. సూది ఎక్కించడానికి కాన్పుల గది సిస్టరు చెయ్యి పట్టుకుని చూస్తే మోచేతి దాకా గాజులు, వాటి మధ్య పొంగిన చర్మం. సబ్బు రాసి లాగింది. రాలేదు.

"పగలగొట్టాల," అంది సిస్టరు.

అప్పటిదాకా ఏడుస్తున్న మా చెల్లి ఒక్కసారిగా వచ్చి కూతురి మణికట్టు రెండు చేతులా పట్టేసుకుంది. "సీమంతం గాజులమ్మా. పురుడవకుండా పగలగొట్టకూడదు. మొగుడున్న పిల్ల."

చూడండి. పిల్ల అక్కడ స్పృహ లేకుండా పడి ఉంది, ఈమెకు గాజుల పట్టింపు. నాకు ఆమెను జుట్టు పట్టుకుని ఈడ్చాలనిపించింది. ఆ సిస్టరు మాత్రం కసరలేదు. ఈ మూలల మనిషే అయి ఉంటుంది.

"పురుడయ్యాక ఈ గాజులు ఎవరికిత్తారమ్మా?" అని అడిగింది.

"పురుడు పోసినోల్లకి."

"ఇక్కడ పురుడు పోసేదెవరు? నానే గదా. అయితే ఇవి ఎవరి గాజులు? నావి. నా గాజులు నాను పగలగొట్టుకుంతన్నాను. సెయ్యి ఒగ్గు."

మా చెల్లి ఆలోచించింది, నిజంగానే నిలబడి ఆలోచించింది. తరువాత వదిలింది. సిస్టరు గుడ్డ అడ్డం పెట్టి కత్తెర పిడితో కొట్టింది. పన్నెండు రోజుల తరువాత ఆ గాజులు చప్పుడు చేయడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ వచ్చి రెండు పిర్రలకూ పెద్ద సూదులు వేయించింది. బీపీ ఒకసారి చూసి, నమ్మలేనట్టు మళ్ళీ చూసింది. "ఈ వాపు ఎప్పటి నుంచి?" అని మా వైపు తిరిగింది.

మా చెల్లి నేల చూసింది. నాకు తెలుసు, "నిన్నటి నుంచి" అనబోతోంది. ఆ మాట దాని నోట్లోంచి రాకముందే నేను చెప్పేశాను.

"పన్నెండు రోజులు మేడమ్. గాజులు ఆగిపోయిన కాడి నుంచి. తలనొప్పి నాలుగు రోజులు. డొక్కనొప్పి మూడు రోజులు. నర్సమ్మ వత్తే పిల్ల నేదని సెప్పినాం. పల్లేరు కషాయం పోసినాం. ఆల నాన్న కామెర్లతో పోనేదు, కిడ్నీతో పోనాడు."

అత్తగారు నా పక్కనే ఉంది. ఆమె మొహం చూడలేదు నేను.

డాక్టరమ్మ మమ్మల్ని ఒక మూలకు తీసుకెళ్ళింది. అక్కడ ఒక గాజు గొట్టంలో పిల్ల మూత్రం పోసి దీపం మీద కాస్తున్నారు. మా కళ్ళ ముందే అది కోడిగుడ్డు తెల్లసొన ఉడికినట్టు గడ్డకట్టింది.

"చూశారా? మీ ఊళ్ళో వచ్చే కిడ్నీ జబ్బు వేరు, ఇది వేరు. ఇది కడుపుతో ఉన్నప్పుడు వచ్చే బీపీ. ఉప్పు మానేస్తే పోదు, కషాయాలకు పోదు. కాన్పు చేయడమే దీనికి మందు," అంది. "కాళ్ళు పొంగడం చాలామందికి ఉంటుంది, కంగారు పడక్కర్లేదు, బీపీ చూపించుకుంటే చాలు. మొహం, చేతులు పొంగితే, తలనొప్పి తగ్గకపోతే, కళ్ళు మసకేస్తే, మెరుపుల్లా కనిపిస్తే, డొక్క కింద నొప్పొస్తే ఆ పూటే రావాలి. ఇందులో ఏ ఒక్కటి వచ్చినా చాలు, మిగతావాటి కోసం చూడకూడదు. తండ్రికి కిడ్నీ జబ్బుంటే మొదటి నెలలోనే చెప్పాలి. చెప్తే ఇంకా జాగ్రత్తగా చూసేవాళ్ళం కదా. దాచడానికి ఏముంది ఇందులో?"

మందు పట్టి కొట్టుకోవడం ఆగాక పిల్లను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. తల్లా బిడ్డా అని అడిగితే చూద్దాం అన్నారు తప్ప ఏమీ చెప్పలేదు. మేము ముగ్గురం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. మా చెల్లి అత్తగారి వైపు చూడకుండా, కొంగు వేలికి చుట్టుకుంటూ, "వదినా, పిల్లని ఒగ్గీకండి. కామెర్లని నానే అబద్దమాడినాను," అంది.

అత్తగారు ఆ కొంగు ఆమె వేలి నుంచి విప్పింది.

"మీ ఆయనకి కిడ్నీ అని పెల్లిసూపులప్పుడే తెలుసు వదినా. పూండి టేసన్‌లో దిగి మీ ఇల్లెక్కడని అడిగితే, ఆ కిడ్నీతో పోనోడి ఇల్లా అని దారి సూపించినారు."

"తెలిసే సేసుకున్నారా?"

"పిల్ల బాగుంది. నవ్వుతాది. మా వోడికి నచ్చింది. ఇంకేటి? మీరు దాత్తన్నారు గదా, మీ సరదా మీది అని ఒల్లకున్నాను."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఎవరికి తెలియకూడదని పన్నెండు రోజులు పిల్లను దుప్పటి కింద దాచామో, ఆమెకు ఏడాది నుంచీ తెలుసు. ఆ జబ్బు గుర్తుపట్టగలిగిన మనిషీ ఆమె ఒక్కతే. మొదటి రోజే కబురు పెట్టి ఉంటే మొదటి రోజే ఆటో ఎక్కించేది.

సాయంత్రానికి ఆడపిల్ల పుట్టింది. అరచేయంత మొహం, ఏడుపు పిల్లికూనలా ఉంది. దూదిలో చుట్టి వేరే గదిలో పెట్టారు. తల్లికి మూడో రోజుకు గాని పూర్తి తెలివి రాలేదు. పురుడయ్యాక కూడా ఆ వాతం తిరగబెట్టవచ్చని సిస్టరు పొద్దునా సాయంత్రం బీపీ చూసేది. తెలివి వచ్చాక పిల్ల మొదట తన చేతులు చూసుకుంది. బోసి చేతులు, గాజులు దిగిన గాట్లు. "నా గాజులేవి?" అంది.

"సిస్టరమ్మవి, సిస్టరమ్మకిచ్చీసినాం," అంది అత్తగారు.

ఇరవై ఒకటో రోజున, బిడ్డను ఉయ్యాలలో వేసే నాడు, అత్తగారు మళ్ళీ ప్యాసింజరులో వచ్చింది. ఉప్పు మూట షరా మామూలే. ఇంకొక చేతిలో గాజుల డబ్బా. రెండు చేతులకూ తనే వేసింది, వేసి ఒక్కొక్కటీ వేలితో తిప్పి చూసింది. ఆ తరువాత ఆర్నెల్లకోసారి కోడలిని తనే ఆసుపత్రికి తీసుకెళ్ళి మూత్రం, రక్తం చూపించేది, తండ్రి జబ్బు ఉంది కదా అని. కార్డు ఆమెకు చదవడం రాదు. సిస్టరు చేత చదివించుకునేది.

మా చెల్లికి ఇదంతా జరిగాక బుద్ధి వచ్చిందనుకుంటున్నారా? మొన్నామధ్య ఒక పేరంటంలో నా పక్కనే కూర్చుని ఎవరికో చెబుతోంది: "అప్పుడు గాజులోడు సిన్న సైజు గాజులేసీసినాడమ్మా. అక్కడే వచ్చినాది అదంతా." నేను ఉన్నానని కూడా చూడలేదు. నేను మాత్రం ఆ పేరంటంలో కడుపుతో ఉన్న పిల్ల ఒకతె కనిపిస్తే పసుపు రాసే నెపంతో చెయ్యి పట్టుకుని గాజులు తిప్పి చూశాను. వాళ్ళ అమ్మ నన్ను వింతగా చూసింది. చూడనీ.

ఇంత సేపు కూర్చుని విన్నారు, కాళ్ళు తిమ్మిరెక్కి ఉంటాయి, ఇక లేవండి. మీ ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఏ గదిలో తిరిగినా ఆమె గాజులు మీకు వినపడుతూనే ఉండాలి. ఆ ఇంటి ఉయ్యాల ఖాళీగా ఉండకూడదు, ఉయ్యాల ఊపే తల్లి చల్లగా ఉండాలి.